యాష్లీ కోసం చేసిన సూప్

మా కొలంబస్ ఊరివాళ్ళకి ఒక పిచ్చి గర్వం ఉంది. దేశంలో ఏ కొత్త తిండి పుట్టినా ముందు మా నోట్లో పెట్టి చూస్తారు. మాకు నచ్చితే దేశానికి నచ్చినట్టే. మేం మొహం తిప్పుకుంటే దాని కథ అక్కడితో సరి. ఎందుకంటే మేం మరీ ఉన్నవాళ్ళమూ కాదు, మరీ లేనివాళ్ళమూ కాదు, అన్నిట్లోనూ నట్టనడుమ మనుషులం. నట్టనడుమ ఉండటం కూడా ఒక గొప్పేనా అంటే, వేరే గొప్పలు లేనివాళ్ళకి అదే గొప్ప. అందుకే ఎవరైనా తలుపు తట్టి, ఈ బిస్కెట్ ఎలా ఉందండీ అని అడిగితే ఓటు వేసినంత శ్రద్ధగా జవాబు చెబుతాం. అందులో అబద్ధం ఆడం. భార్యతో ఆడినా, బ్యాంకువాడితో ఆడినా, బిస్కెట్ విషయంలో మాత్రం ఆడం.

మార్లా స్టకీ ఉద్యోగం ఆ తలుపులు తట్టడమే. ఏ కంపెనీ డబ్బిస్తే ఆ కంపెనీ తరఫున అడుగుతుంది. ఆ ఫిబ్రవరి సోమవారం ఆమె కారులో పక్క సీట్లో ప్రెస్టన్ వెల్డ్ కూర్చున్నాడు. సూప్ కంపెనీ పెద్దాఫీసు మనిషి, ముప్పై ఇంకా నిండలేదు. "జిప్‌కప్" అనే కొత్త సూప్ మంచీ చెడూ అతని నెత్తిన ఉంది. ఒళ్ళో ఒక పెద్ద అట్ట, అట్ట మీద నవ్వుతున్న ఆడమనిషి ఫోటో. బ్రేకు వేసినప్పుడల్లా దానికి దెబ్బ తగలకుండా రెండు చేతులూ అడ్డం పెడుతున్నాడు.

ఫోటోలో ఉన్నది యాష్లీ. యాష్లీ అంటే నిజం మనిషి కాదు. వయసు ముప్పై నాలుగు, ఇద్దరు పిల్లలు, ఉద్యోగం, మధ్యాహ్నం కూర్చుని తినే తీరిక లేదు, కారు నడుపుతూనే ఏదో ఒకటి గొంతులో పోసుకుంటుంది. ఇదంతా కంపెనీవాళ్ళు ఒక గదిలో కూర్చుని కల్పించింది. ఎవరికి అమ్మాలో తేల్చుకోకుండా సరుకు చేయకూడదట. తేల్చుకున్నాక ఆ మనిషికి ఓ పేరు పెట్టి, మొహం తగిలించి, గోడకి వేలాడదీస్తారు. ఇక అక్కడినుంచి "యాష్లీకి ఉప్పు ఎక్కువైతే పడదు", "యాష్లీ దీనికి ఒప్పుకోదు" అని, కొత్త కోడలు అత్తగారిని తలుచుకున్నట్టు రోజంతా తలుచుకుంటారు.

"మొదటి ఏడాది వ్యాపారం క్లాసులో మొదటి పాఠం ఇదే మార్లా," అన్నాడు ప్రెస్టన్. "ఆకలి అవసరం. సూప్ తాగాలనిపించడం కోరిక. తాగాలనిపించడంతో పాటు జేబులో డబ్బు కూడా ఉంటే అది గిరాకీ. మనం బతికేది మూడోదాని మీద."

"మొదటిదాని మీద ఎవరు బతుకుతారు?"

"చర్చివాళ్ళు," అని నవ్వాడు. కాసేపు అద్దంలోంచి బురద మంచు చూస్తూ కూర్చుని, "ఈమె గనక మన యాష్లీ అయితే గట్టెక్కుతాం. లేకపోతే బుధవారం మీటింగులో మా పెద్దావిడ తేల్చేస్తుంది, శుక్రవారంతో జిప్‌కప్‌కి గుడ్‌బై. నాక్కూడానేమో," అన్నాడు.

సూప్ మా ఊరి షాపుల్లోకి వచ్చి నాలుగో నెల. అమ్మకాలు అంతంతమాత్రం. అయితే షాపుల మిషన్లలో, తగ్గింపు ధర కోసం జనం కొట్టే కార్డు నంబర్లలో ఒక్కటి మాత్రం వారం వారం అట్టపెట్టెల లెక్కన కొంటున్నట్టు కనబడింది. కార్డు క్రిస్టా కోబ్లెంజ్ పేరు మీద. ఎక్కడెక్కడి లెక్కలో కలిపి చూస్తే, వయసు ముప్పై నాలుగు, ఇద్దరు పిల్లలు. ప్రెస్టన్ ఆ రోజు ఆఫీసులో కుర్చీ ఎక్కి గంతులేశాడట. కార్డు మీదున్న చిరునామాకి ఉత్తరం రాస్తే, ఒక ఆడగొంతు ఫోన్ చేసి, "తప్పకుండా రండి, సోమవారం భోజనాల వేళకి రండి," అంది.

వైట్‌హాల్ వైపు చిన్న ఇల్లు. మెట్ల మీదుగా చెక్కతో వాలుదారి వేసి ఉంది. మంచుకి జారకుండా దాని మీద ఉప్పు చల్లారు.

"పిల్లల తోపుడుబండి కోసం అయ్యుంటుంది," అన్నాడు ప్రెస్టన్ మెచ్చుకోలుగా.

మార్లా కిందికి చూసింది. వాలుదారికి రెండు పక్కలా చేయి పట్టుకునేందుకు కడ్డీలు కూడా ఉన్నాయి. తోపుడుబండిలో పిల్లలు కడ్డీలు పట్టుకోరు.

తలుపు తీసినావిడకి డెబ్బై దాటి ఉంటాయి. అప్పుడే పూసుకున్న లిప్‌స్టిక్ ఇంకా ఆరలేదు.

"సూప్‌వాళ్ళేగా! రండి, రండి, చలంతా ఇంట్లోకొస్తోంది. బూట్లు విప్పక్కర్లేదు బాబూ, పర్లేదు."

"క్రిస్టాగారు ఉన్నారాండీ?" అన్నాడు ప్రెస్టన్, ఆవిడ భుజం మీదుగా లోపలికి చూస్తూ.

"క్రిస్టానా? అది పెళ్ళి చేసుకుని టొలీడో వెళ్ళి ఎన్నేళ్ళయిందీ! నేను వాళ్ళమ్మని, ఆర్లీన్‌ని. ఉత్తరం దాని పేరున వచ్చిందిలే, అయినా సూప్ తాగేది మేమేగా అని నేనే ఫోన్ చేశా."

"మరి షాపులో ఆ నంబరు..."

"ఆ మిషన్ దగ్గర ఏదో నంబరు కొట్టమంటారుగా. అది కాలేజీలో ఉన్నప్పుడు కార్డు తీసుకుంది. ఇంట్లో అందరికీ దాని నంబరే నోటికొచ్చు. అదే కొడతాం. మా చెల్లెలూ అదే కొడుతుంది." ప్రెస్టన్ మొహం చూసి ఆవిడకి అనుమానం వచ్చింది. "ఏం, తప్పా?"

"అబ్బే, తప్పేం కాదండీ," అంది మార్లా. "క్రిస్టాగారికి ఈ సూప్ ఇష్టమేనా?"

"దానికా? ఒక్క గుక్క తాగి, ఇదేంటమ్మా బంకలా ఉంది అని సింకులో పారబోసింది."

ప్రెస్టన్ అట్టని మెల్లగా వెనక్కి తిప్పుకున్నాడు, యాష్లీ మొహం తన పొట్టకి ఆనేలా.

వంటింట్లో బల్ల దగ్గర మెర్ల్ కోబ్లెంజ్ కూర్చుని ఉన్నాడు. పెద్ద ఆకారం, మెడ కింద తువ్వాలు, కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంది. ముప్పై ఏళ్ళు హై స్ట్రీట్ మీద సిటీ బస్సు నడిపినాయన. సెప్టెంబర్లో పక్షవాతం వచ్చింది. వచ్చినవాళ్ళని చూసి ఎడమచెయ్యి ఎత్తాడు, ఎదురుగా వచ్చే బస్సు డ్రైవరుకి ఎత్తినట్టు.

ఆర్లీన్ పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు కాచి, అందులో కప్పు పెట్టింది. "మైక్రోవేవ్ వద్దు. ఒకచోట కాలుతుంది, ఒకచోట చల్లగా ఉంటుంది. ఆయన నాలికకి ఆ తేడా తెలీదు," అంది. కప్పు తీసి తుడిచింది, మూత తీసి ఒక చుక్క మణికట్టు మీద వేసుకుని చూసింది, మళ్ళీ టక్కుమనేదాకా మూత నొక్కింది. భర్త ఎడమచేతి దగ్గర పెట్టి రెండడుగులు వెనక్కి జరిగి నిలబడింది. సాయం చేయాలని చేతులు లాగుతున్నాయి కాబోలు, వాటిని ఏప్రన్ జేబుల్లో పెట్టేసుకుంది.

మెర్ల్ వేళ్ళు కప్పు మీద వెతుక్కుని, రెండు పక్కలా ఉన్న నొక్కుల్లో కుదురుకున్నాయి. స్టీరింగ్ వదలకుండా ఒంటి చేత్తో పట్టుకోడానికని కంపెనీవాళ్ళు ఏడాదిపాటు కుస్తీ పట్టి పెట్టిన నొక్కులు అవి. ఆయన గడ్డం ఛాతీకి ఆన్చి, చిన్న గుక్క తీసుకుని, మింగాడు. ఆగాడు. ఉత్తి గుటక ఇంకొకటి వేశాడు. మళ్ళీ కప్పెత్తాడు. ఆయన గొంతు కదిలినప్పుడల్లా ఆర్లీన్ గొంతు కూడా కదులుతోంది. ఒక్కసారి కూడా దగ్గు రాలేదు. మొత్తం అయ్యాక కప్పు ఎత్తి బల్ల మీద బోర్లించి, దాని మీద వేలితో రెండుసార్లు కొట్టాడు.

"డ్యూటీ దిగాడన్నమాట," అంది ఆర్లీన్. అప్పుడు జేబుల్లోంచి చేతులు తీసి కూర్చుంది.

"ఆస్పత్రిలో ఏదో పొడి ఇచ్చారమ్మా, నీళ్ళలో కలిపి పట్టమని. గోడకి కాగితాలంటించే జిగురే అనుకో. ఉమ్మేసేవాడు. పల్చటి నీళ్ళు తాగితే ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ముక్కలు తగిలితే అడ్డం పడతాయి. నేను స్పూనుతో పెట్టబోతే నోరు బిగించేసేవాడు. పసిపిల్లాడిలా పెట్టించుకోడట, పంతం! పొట్టలో గొట్టం వేద్దామన్నారు. ఆ మాట విని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇటు తిరగలేదు." ఆవిడ బోర్లించిన కప్పుని నిలబెట్టింది. "ఆ వారమే షాపులో ఇది కనబడింది. మింగడం నేర్పే ఆవిడకి చూపిస్తే, ఈ చిక్కదనం సరిగ్గా సరిపోయింది, ఎవరు చేశారో మహానుభావులు అంది. నువ్వేనా బాబూ?"

"మేం... కారులో తాగేవాళ్ళ కోసం చేశామండీ," అన్నాడు ప్రెస్టన్.

"ఉప్పు," అన్నాడు మెర్ల్. మాట నోట్లోంచి బయటికి రావడానికి కాస్త టైము పట్టింది. "తక్కువ."

"చూశావా, సలహాలు కూడా ఇస్తున్నాడు! సెప్టెంబర్ నుంచి ఈయన నోట్లోంచి వచ్చిన మొదటి ఫిర్యాదు ఈ సూప్ మీదే. ఎంత సంతోషపడ్డానో." ఆవిడ నిజంగానే నవ్వింది.

ప్రెస్టన్ ఫోన్ వచ్చిందని చెప్పి బయటికెళ్ళాడు. ఫోన్ మోగిన చప్పుడేమీ మార్లాకి వినబడలేదు.

అతను వెళ్ళాక ఆర్లీన్ ముందుకి వంగి అడిగింది. "ఇది ఆపేయరుగా తల్లీ? ఈ ఊళ్ళో అన్నీ వచ్చినట్టే వచ్చి మాయమవుతాయి. నాకు నచ్చిన ఉప్పు బిస్కెట్లు, ఆ క్రాకర్స్, అలాగే పోయాయి. క్రాకర్స్ పోతే పోయాయి. ఇది పోతే..." మెర్ల్ వింటున్నాడని ఆగింది.

"మీ మాట వాళ్ళకి వినిపిస్తాను," అంది మార్లా. "నేను అడుగుతాను, మీరు ఇప్పుడు చెప్పినట్టే చెప్పండి." వాళ్ళిద్దరూ ఒప్పుకున్నాక ఫోన్ ఉప్పుడబ్బాకి ఆనించి వీడియో పెట్టింది. మెర్ల్ ఇంకో కప్పు తాగి చూపించాడు. అన్నీ అడిగి ఆఖరున, తన వృత్తిలో అందరూ అడిగే పాత ప్రశ్న అడిగింది. సబ్బుల గురించీ, టూత్‌పేస్టుల గురించీ వేలసార్లు అడిగి అరగదీసిన ప్రశ్న. ఈ వస్తువు దొరకాలంటే ఇంకేదైనా వదులుకోవాల్సి వస్తే, ఏం వదులుకుంటారు?

మామూలుగా జనం నవ్వేసి, చాక్లెట్ అనో, మొగుణ్ణి అనో అంటారు. ఆర్లీన్ నవ్వలేదు. ఆలోచించింది.

"బ్యూటీపార్లర్ ఎప్పుడో మానేశా, నా జుట్టు నేనే కత్తిరించుకుంటున్నా. టీవీలో బాస్కెట్‌బాల్ కూడా మానేస్తాం. ఆ సంగతి ఆయన్ని అడక్కు. కారు అమ్మేస్తా. బస్సుందిగా, ఆయన నడిపిందే." మెర్ల్ వైపు చూసింది. ఆయన కప్పు మూత మీద వేలు తిప్పుతున్నాడు. "ఏదైనా వదులుకుంటాం తల్లీ. అలాగే రాసుకో. ఏదైనా."

ఎంత వద్దనుకున్నా, ఇంత మంచి జవాబు తన చేతికి ఎప్పుడూ చిక్కలేదని అనిపించింది మార్లాకి. ఈ ఒక్క మాట చాలు, సూప్ షాపులోంచి కదలదు అనుకుంది.

కారులో ప్రెస్టన్ సీటు బెల్టు కూడా పెట్టుకోలేదు. "ఈ ఇంటి సంగతి కొట్టేయండి మార్లా. మనం రానట్టే."

"ఎందుకు? ఊళ్ళో అందరికంటే ఎక్కువ కొంటున్నది వాళ్ళే."

"అదే వచ్చిన చిక్కు! ఇది మింగలేని ముసలివాళ్ళ సూప్ అని పేరు పడిందంటే యాష్లీ ఆ అలమర వైపే రాదు. సరుకు జనం మనసులో ఒక్కచోటే కూర్చోగలదు. ఒకసారి కూర్చుందా, లేపలేం. వాళ్ళు మన గురిలో లేరు."

"గురిలో లేకపోయినా దెబ్బ తగిలిందిగా."

"నాకేం జాలి లేదనుకుంటున్నారా?" అన్నాడు ప్రెస్టన్. అతని గొంతు పిల్లవాడి గొంతులా పలికింది. "ఆయన ఆ కప్పు బోర్లించినప్పుడు నేను అక్కడ నిలబడలేకపోయాను. కానీ జాలిని పట్టుకెళ్ళి మీటింగులో పెట్టలేనుగా."

"జాలి కాదు, గిరాకీ. మీ మొదటి పాఠమే. అవసరం ఉంది, కోరిక ఉంది, డబ్బూ పెడుతున్నారు. ఇంకేం కావాలి?"

ప్రెస్టన్ సీటు బెల్టు పెట్టుకున్నాడు.

మంగళవారం మార్లా ఒక్కతే తిరిగింది. ఎక్కువ కొంటున్న మిగతా నంబర్లు పట్టుకుని తలుపులు తట్టింది. ఒకచోట నాలిక మీద ఆపరేషన్ అయిన మనిషి, ఒకచోట చేతులు వణికే తల్లి, ఒకచోట వృద్ధాశ్రమంలో పనిచేసే అమ్మాయి, సొంత డబ్బుతో కొని ముగ్గురు ముసలివాళ్ళకి తీసుకెళుతోంది. ప్రతిచోటా కార్డు ఇంకెవరిదో. కూతురిదో, మనవరాలిదో, విడిపోయిన కోడలిదో. కంపెనీ ఇన్నాళ్ళూ యాష్లీలనుకుని మురిసిపోయింది వీళ్ళని చూసే. సాయంత్రం ఇంటికొచ్చి, కోటు కూడా విప్పకుండా సోఫాలో కూలబడ్డాక, చాలాకాలానికి తన పనంటే తనకి ఇష్టం కలిగింది మార్లాకి. ప్రెస్టన్‌కి ఫోన్ చేసి, వీడియో మీటింగులో వేయనివ్వకపోతే తనే నేరుగా పెద్దావిడకి పంపుతానంది. అతను సరే అన్నాడు.

బుధవారం ఎయిర్‌పోర్టు దగ్గర హోటల్లో మీటింగు. పెద్దావిడ పేరు డయాన్ ఫెల్ట్‌నర్. ప్రెస్టన్‌కి పైన, ఆ పైవాళ్ళకి కూడా పైన. జుట్టు పూర్తిగా నెరిసింది, దానికి రంగు వేసుకోలేదు. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే ఫోన్ వంక చూసే అలవాటు లేని మనిషి. యాష్లీ అట్ట ఆవిడ పక్కనే స్టాండు మీద నవ్వుతోంది. కాఫీ, పళ్ళముక్కలు, చుట్టూ జిప్‌కప్పులు. వాటిని ఎవరూ తెరవలేదు.

మార్లా వీడియో వేసింది. మెర్ల్ వేళ్ళు కప్పు మీద నొక్కులు వెతుక్కోవడం, గడ్డం ఛాతీకి ఆన్చడం, ఆర్లీన్ చేతులు జేబుల్లో దాచుకోవడం. కప్పు బల్ల మీద బోర్లింది. ఆర్లీన్ గొంతు గదంతా వినబడింది.

దీపాలు వేసేసరికి ఫెల్ట్‌నర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటోంది.

"మా అమ్మకి ఆఖర్లో ఇలాగే," అంది. "ఏడు నెలలు గొట్టం. రుచనేదే లేకుండా పోయింది మనిషి." లేచి స్టాండు దగ్గరికెళ్ళి, యాష్లీ అట్ట తీసి గోడవైపు తిప్పి పెట్టింది. "మనం తప్పు మనిషి కోసం సరైన సరుకు చేశాం. అంతే. ఈ నాలుగు నెలలూ మన కొనుగోలుదారు మనకి చెబుతూనే ఉన్నాడు, మనమే వినలేదు."

మార్లా బల్ల కింద చేతులు గట్టిగా పట్టుకుంది. గెలిచాననుకుంది. ఇంటికెళ్ళేటప్పుడు ఆర్లీన్‌కి ఫోన్ చేయాలనుకుంది.

"ఆఖరి మాట ఇంకోసారి వేయమ్మా," అంది ఫెల్ట్‌నర్.

మార్లా వేసింది. *ఏదైనా వదులుకుంటాం తల్లీ. అలాగే రాసుకో. ఏదైనా.*

"ప్రెస్టన్, ఇది ఎంతకి అమ్ముతున్నాం?"

"రెండు డాలర్లండీ. కార్డుంటే ఇంకాస్త తక్కువ."

"చిప్స్ పక్కన పెట్టి, చిప్స్ ధరకి," అంది ఫెల్ట్‌నర్ మెల్లగా. తనమీద తనకే కోపం వచ్చినట్టుంది ఆవిడకి. "ఏదైనా అంటోంది ఆవిడ. దాని విలువ ఆవిడకి తెలిసింది, మనకి తెలీలేదు."

ప్రెస్టన్ మొహంలోకి కళ వచ్చింది. కుర్చీ ముందుకి లాక్కున్నాడు. ఇక ఆపడం ఎవరి తరమూ కాలేదు. మనం మార్చగలిగినవి నాలుగే కదా అన్నాడు, సరుకూ, ధరా, అమ్మే చోటూ, ప్రచారం. సరుకుని ముట్టుకోనక్కర్లేదు. మూత తెల్లది చేస్తే చాలు. చోటు మందుల షాపు. ప్రచారం డాక్టర్ల నోటితో. ధర తొమ్మిది డాలర్లంటే ఎవరూ కాదనరు, పక్క అలమరలో ఆ జిగురుపొడి కూడా తక్కువేం కాదు. ఎవరో, ఇన్సూరెన్స్ ఇస్తుందా అన్నారు. ఇంకెవరో, కొందరికి ఇవ్వచ్చు అన్నారు.

"షాపుల్లో ఉన్నది వెంటనే తీసేయాలి," అంది ఫెల్ట్‌నర్. "రెండు డాలర్ల కప్పు ఎవరికీ గుర్తుండకూడదు."

"శుక్రవారానికి తీయించేస్తాను. కొత్తది అక్టోబరు కల్లా వస్తుంది."

"అక్టోబరు దాకా మెర్ల్ ఏం తాగుతాడు?" అంది మార్లా.

ఫెల్ట్‌నర్ ఆమె వైపు తిరిగింది. ఆ కళ్ళలో దయ ఉంది, అది నటన కాదు. అదే మార్లాకి భరించడం కష్టమైంది.

"ఆయనకి ఒక పెట్టె పంపిద్దాం. రెండు పంపిద్దాం. ప్రెస్టన్, గుర్తుపెట్టుకో." తర్వాత అందరి వైపూ చూసి, "కొనుగోలుదారు మాట వినడమంటే ఏంటో ఈవిడ దగ్గర నేర్చుకోండి," అంది.

చప్పట్లు కొట్టారు. ప్రెస్టన్ అందరికంటే గట్టిగా కొట్టాడు. మార్లా ఎదురుగా ఉన్న జిప్‌కప్ తీసి తెరిచి తాగింది. క్రిస్టా అన్నది నిజమే, బంకలానే ఉంది.

శుక్రవారం పొద్దున ఆమె షాపుకెళ్ళేసరికి, చిప్స్ వరసలో ఒకతను మోకాళ్ళ మీద కూర్చుని జిప్‌కప్పులు తీసి బూడిదరంగు డబ్బాల్లో వేస్తున్నాడు. వేసిన ప్రతిదాన్నీ చేతి మిషన్‌తో బీప్‌మనిపిస్తున్నాడు.

"ఇంకా అమ్ముతారా?"

"అలమరలో ఉన్నంతవరకూ సరుకేనండీ. డబ్బాలో పడ్డాక కాదు," అన్నాడతను. ఆమె మొహం చూసి పని కాస్త నెమ్మది చేశాడు. మార్లా చేతికందినవన్నీ బండిలో వేసుకుంది. పై అరలోవి అందకపోతే అతనే తీసి ఇచ్చాడు.

డబ్బు కట్టే చోట అమ్మాయి, "నంబరు చెప్పండి," అంది.

"లేదు."

"కార్డు లేకపోతే ఇన్నింటికి చాలా ఎక్కువ పడుద్దండీ. నాది కొట్టేయనా?"

"వద్దమ్మా," అంది మార్లా. ఈ ఒక్కసారికి ఎవరి లెక్కలోకీ ఎక్కదలచుకోలేదు ఆమె. నిండు ధర కట్టింది.

వాలుదారి మీద పెట్టెలు మోసుకెళ్ళడం కష్టమైంది. ఉప్పు చల్లినా మంచు జారుతోంది. తలుపు తీసిన ఆర్లీన్ పెట్టెలు చూసి రెండు చేతులూ బుగ్గలకి ఆనించుకుంది.

"అయ్యో, ఎందుకమ్మా ఇన్ని! మెర్ల్, చూడు, సూప్ అమ్మాయి! అయితే విన్నారా వాళ్ళు మా మాట?"

"విన్నారు. రెండోసారి వేయించుకుని మరీ విన్నారు."

"నే చెప్పలా మెర్ల్! మన ఊరివాళ్ళం చెబితే వింటారని చెప్పలా?" ఆవిడ పొయ్యి వెలిగించి నీళ్ళు పెట్టింది. కొత్త పెట్టెలోంచి కప్పు తీసి అందులో వేసింది. వేడెక్కాక తుడిచి, మణికట్టు మీద చుక్క వేసుకుని, మూత నొక్కి, మెర్ల్ చేతి దగ్గర పెట్టింది. అంతసేపూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది. ఆవిడ కూర్చున్నాక మార్లా చెప్పింది. కోటు విప్పకుండా, ఏదీ మెత్తబరచకుండా, ఉన్నదున్నట్టు చెప్పింది.

ఆర్లీన్ చివరిదాకా విని, "అదే సూపా?" అంది.

"అదే."

"కప్పు?"

"అదే. మూత రంగు మారుతుంది."

"తొమ్మిది డాలర్లు," అంది ఆర్లీన్. ఆవిడ కళ్ళు గోడవారగా పేర్చిన పెట్టెల మీద ఆగాయి. అవి ఎన్నాళ్ళు వస్తాయో ఆవిడకి వేరే చెప్పక్కర్లేదు. అక్టోబరు దాకా రావని కూడా తెలుసు. "కొందామన్నా అప్పటిదాకా దొరకదు. దొరికాక కొనలేం." మార్లా వైపు తిరిగింది. "నేను ఏదైనా అన్నందుకా?"

కాదని చెప్పాలని మార్లా నోరు తెరిచింది. ఈ ఊళ్ళో పుట్టిన మనిషి, అబద్ధం రాలేదు. అవునని తల ఊపింది.

ఆర్లీన్‌కి కోపం రాలేదు. వస్తే బాగుండునని మార్లా ఎదురుచూసింది. ఆవిడ ఏప్రన్ అంచుతో బల్ల మీద లేని మరకని తుడిచింది.

"నువ్వు అడిగావు, నేను చెప్పాను. అడిగినప్పుడు ఉన్నది చెప్పాలిగా అనుకున్నా." మళ్ళీ తుడిచింది. "ఆ ఫోన్ ఉందా నీ దగ్గర?"

"ఉంది."

"మళ్ళీ అక్కడ పెట్టు. మళ్ళీ అడుగు."

"ఆర్లీన్‌గారూ, ఇంక దానివల్ల..."

"తెలుసులే. అయినా అడుగు."

మార్లా ఫోన్ తీసి ఉప్పుడబ్బాకి ఆనించింది. వీడియో నొక్కింది. ఆర్లీన్ జుట్టు సర్దుకుని నిటారుగా కూర్చుంది. ఆవిడ వెనక మెర్ల్ కప్పు సగం దాకా తాగి, గడ్డం ఛాతీకి ఆన్చి, రెండో గుటక కోసం ఆగి ఉన్నాడు.

"ఈ సూప్ దొరకాలంటే," అంది మార్లా, గొంతు సరిచేసుకుని, "ఏం వదులుకుంటారు?"

"ఏమీ వదులుకోం," అంది ఆర్లీన్ సూటిగా ఫోన్‌లోకి చూస్తూ. చెంపలు ఎర్రబడ్డాయి. డెబ్బై ఏళ్ళొచ్చినా తిండి విషయంలో అబద్ధం అలవాటు లేదు కదా. "మాకదంటే అంత ఇష్టం లేదు. ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

మెర్ల్ తలెత్తాడు. భార్య వీపు వంక చూశాడు, తర్వాత ఫోన్ వంక చూశాడు. ఎడమచేత్తో కప్పుని మెల్లగా బల్ల అవతలికి నెట్టేశాడు. సూప్ ఇంకా సగం ఉంది.

"ఉప్పు," అన్నాడు. "తక్కువ."

మార్లా ఫోన్ ఆపేసింది. నిజంగా ఆగిందా లేదా అని ఆర్లీన్ వంగి చూసి నిర్ధారణ చేసుకుంది. తర్వాత ఆ కప్పు ముందుకి జరిపి, మళ్ళీ ఆయన చేతికి అందించింది.